అత్తింట్లో గూఢచారి: నవల చెప్పిందీ, సినిమా చూపిందీ

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



గూఢచారి కథ అనగానే మనలో చాలామంది అది మగపిల్లల వినోదమని పక్కకు పెట్టేస్తారు. పిస్తోళ్ళు, నల్ల కళ్ళద్దాలు, కొండ అంచున కార్ల పరుగులు. వీటికీ మన పొయ్యిమీది పప్పుచారుకూ ఏం చుట్టరికం అనిపిస్తుంది. కాని ఒక్కమాటు నెమ్మదిగా ఆలోచించండి. వేగులవాడు లేని పురాణం మనకేదైనా ఉందా? రాజుకు చారులే కళ్ళన్నారు పెద్దలు. రావణుడు పంపిన శుకసారణులు కోతి రూపాలతో రాముని సేనలో దూరి, విభీషణుడి కంటబడి దొరికిపోయారు. ఉత్తర రామాయణంలో ఊరివాళ్ళు ఏమనుకుంటున్నారో రాముని చెవిన వేసిన ఆ ఒక్క కబురు వల్లనే గదా, నిండుచూలాలు సీతమ్మ అడవిపాలైంది! అంటే వేగు తెచ్చిన మాట ఎక్కడ పుట్టినా సరే, వచ్చి పడేది మాత్రం ఒక ఇంటిమీద, ఆ ఇంటి ఆడదాని మీద.

ఈ వారం అటువంటి ఒక కథ గురించి చెప్పుకుందాం. అది ముందు నవలగా వచ్చింది, పదేళ్ళ తర్వాత సినిమా అయింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం తేలుతుందో, ఏది మిగిలి ఏది జారిపోయిందో చూద్దాం. పైగా ఆ కథ కొస వచ్చి తగిలేది మన తెలుగు సముద్రతీరానికే. అదేమిటో చివర చెబుతాను.

ముందుగా మన సంగతి. తెలుగువాళ్ళకు గూఢచారిని వెండితెర మీద బాగా దగ్గర చేసింది 1966లో వచ్చిన 'గూఢచారి 116'. డూండీగారు తీసిన సినిమా, మల్లికార్జునరావుగారి దర్శకత్వం. అప్పటికి చిత్రరంగానికి కొత్తవాడైన కృష్ణ ఆ ఒక్క సినిమాతో 'ఆంధ్రా జేమ్స్‌బాండ్' అనిపించుకున్నారు. కథానాయిక జయలలిత. మరుసటి ఏడే అది జితేంద్రతో హిందీలో 'ఫర్జ్' అయింది. ఈ కథకు మూలం ఒక ఫ్రెంచి సినిమా అని చెప్పుకుంటారు. ఆ ఫ్రెంచి సినిమా వెనుక మళ్ళీ ఒక నవల ఉంది. జాన్ బ్రూస్ అనే రచయిత 1960లో రాశాడు. ఆ నవల పేరులోనే మన దేశపు ఊరుంది: 'కలకత్తా లీల' అన్నమాట. 1964లో దాన్ని సినిమా తీసినప్పుడు కథను కలకత్తా నుంచి బాంకాకుకు మార్చేశారు. ఊరు మారింది, పేరు మారింది, మన దగ్గరికి వచ్చేసరికి గూఢచారి నెంబరు కూడా 117 నుంచి 116 అయింది!

ఇందులో మనవంటివాళ్ళకు నచ్చే ముచ్చట ఒకటుంది. ఆ రచయిత 1963లో కారు ప్రమాదంలో పోయాడు. తర్వాత కొంతకాలానికి ఆయన భార్య జోసెట్ ఆ కలం అందుకుంది. అదే గూఢచారిని పెట్టి వందకు పైగా నవలలు రాసింది. పిస్తోళ్ళ కథలు ఆడవాళ్ళకు పడవని ఎవరైనా అంటే ఆమె పేరు చెప్పండి.

అయితే అటువంటి సినిమాల్లో ఆడవాళ్ళకు ఇచ్చిన పని ఏమిటి? ఒక పాట, ఒక ప్రమాదం, ఆఖరున కథానాయకుడు వచ్చి కట్లు విప్పడం. అద్దె పుస్తకాల దుకాణాల్లో కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌ను, మధుబాబుగారి షాడోను రోజుకింత అని తెచ్చుకుని, వంటింటి గడప మీద కూర్చుని చదివిన అక్కలు మన నల్లగొండ, పాలమూరు పట్టణాల్లో ఎంతమందో! ఆ పుస్తకాలు ఊపిరి బిగబట్టించేవి. కాని గూఢచారి ఇంటికి వచ్చి చెప్పులు విప్పాక ఏం చేస్తాడు, రాత్రి నిద్ర పడుతుందా, ఎవరికి అబద్ధం చెబుతాడు అన్న సంగతులు వాటిలో పెద్దగా ఉండవు.

ఇప్పుడు చెప్పబోయే కథలో ఉన్నవన్నీ ఆ సంగతులే.

నవల పేరు 'కాలింగ్ సెహ్మత్'. హరీందర్ సిక్కా అనే మాజీ నౌకాదళ అధికారి ఇంగ్లీషులో రాశారు. మొదట అచ్చయింది 2008లో. సినిమా పేరు 'రాజీ'. హిందీలో మేఘనా గుల్జార్ తీశారు, 2018 మే నెలలో విడుదలైంది. సెహ్మత్‌గా వేసిన ఆలియా భట్‌ను మనవాళ్ళు తర్వాత 2022లో 'ఆర్ఆర్ఆర్'లో సీతగా చూశారు. సినిమాలో సెహ్మత్ తల్లిగా వేసిన సోనీ రాజ్దాన్ ఆలియాకు నిజంగానే తల్లి. పాటలు రాసిన గుల్జార్ దర్శకురాలికి తండ్రి. మొత్తానికి అమ్మానాన్నలూ కూతుళ్ళూ కలిసి చేసిన సినిమా, అందులో కథ కూడా తండ్రి కూతుర్ని ఏమడిగాడన్నదే.

కథ క్లుప్తంగా ఇది. 1971, పాకిస్తానుతో యుద్ధం ముంచుకొస్తున్న రోజులు. కాశ్మీరుకు చెందిన హిదాయత్ ఖాన్ పైకి వ్యాపారి, లోపల మన దేశానికి వేగు. సరిహద్దు అవతల సైన్యంలో పెద్ద హోదాలో ఉన్న ఒక అధికారితో స్నేహం నడుపుతూ ఉంటాడు. ఇంతలో ఆయనకు ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. తన తర్వాత ఈ పని ఎవరు చేయాలి? ఢిల్లీలో కాలేజీ చదువుకుంటున్న కూతుర్ని పిలిపిస్తాడు. ఆ అధికారి చిన్నకొడుకుకు ఆమెనిచ్చి పెళ్ళిచేసి, ఆ ఇంటి కోడలిగా పంపుతాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, ఆ సామెతను ఒక దేశం ఆయుధంగా వాడుకుందన్నమాట. అత్తమామలకు, బావకు, యారాలికి, పిల్లలకు మంచి కోడలై, రాత్రిపూట స్నానాలగదిలో కూర్చుని టిక్కుటిక్కుమని తంతి భాషలో కబుర్లు పంపుతుంది సెహ్మత్.

ఇక పోలిక చూద్దాం. మొదలు పేరుతోనే పెడదాం.

సెహ్మత్ అన్నా, రాజీ అన్నా అర్థం దాదాపు ఒకటే: సమ్మతించడం, సరేననడం. నవలా సినిమా రెండూ ఆ 'సరే' చుట్టూనే తిరుగుతాయి. కాని నిజాం కాలం నుంచి ఉర్దూ మాటలు నాలుక మీద ఆడే మన దిక్కున 'రాజీ' అంటే ఇంకో అర్థముంది. తగవులో ఇద్దరూ కొంచెం కొంచెం తగ్గడం. రాజీ పడటం. ఎన్ని ఇళ్ళల్లో, ఎన్ని విషయాల్లో మనం వాడే మాట అది! అందుకే ఆ పేరు వినగానే మన తెలుగు ఇల్లాలికి ఒక ప్రశ్న తోస్తుంది. ఆ పిల్ల సమ్మతించిందా, రాజీ పడిందా? చావుకు దగ్గరైన తండ్రి, కళ్ళనీళ్ళు కుక్కుకుంటున్న తల్లి, ఎదుట దేశం అనే పెద్ద మాట. అప్పుడు ఇరవై ఏళ్ళ పిల్ల 'సరే' అంటే దాన్ని ఏ లెక్కలో వేసుకోవాలి?

ఈ ప్రశ్నకు నవల ఒక జవాబు ఇస్తుంది, సినిమా ఇంకొకటి ఇస్తుంది.

నవలలో సెహ్మత్‌కు ఢిల్లీ కాలేజీలో ఒక స్నేహితుడున్నాడు. పేరు అభినవ్, ముద్దుగా ఏబీ. ఇద్దరికీ మనసు కలిసింది. ఆ ప్రేమను తుంచుకుని ఆమె పెళ్ళికి ఒప్పుకుంటుంది. అంటే ఆమె 'సరే' అనేసరికే ఒక త్యాగం జరిగిపోయింది. సినిమాలో ఈ ఏబీ లేనే లేడు. ఆ పాత్రనే తీసేశారు. తీసేయడంతో ఏమైంది? పెళ్ళినాటికి ఆమె మనసు ఖాళీ పలక. కట్టుకున్న ఇక్బాల్ మీద ప్రేమ పుట్టడానికి చోటు దొరికింది. సినిమాలో ఇక్బాల్ మంచి మనిషి. కొత్త పెళ్ళికూతుర్ని తొందరపెట్టడు, ఆమెకు అలవాటయ్యేదాకా ఎడంగా ఉంటాడు, ఆమె ఇష్టాన్ని కనిపెట్టి మెలుగుతాడు. చూస్తున్న మనకే అయ్యో అనిపిస్తుంది. శత్రువు దుర్మార్గుడైతే మోసం సులువు. ప్రేమగా చూసుకునేవాణ్ణి మోసం చేయాలంటేనే నరకం.

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. నవల నుంచి సినిమాకు వచ్చేటప్పుడు ఒక పాత్ర తొలగించారంటే అది నిడివి తగ్గించడానికే అనుకోవద్దు. ఆ బరువును ఎక్కడికి మార్చారో చూడండి. ఇందులో ఏబీ మీది బరువంతా ఇక్బాల్ మీదికి వెళ్ళింది. నవల బాధ అంతా 'ఏం వదులుకుని వెళ్ళింది' అన్నదాంట్లో ఉంటే, సినిమా బాధ 'ఏం పొంది పోగొట్టుకుంది' అన్నదాంట్లో ఉంది.

రెండో విషయం, మనసులోని మాట. నవలాకారుడికి ఇందులో బాధే లేదు. 'ఆమె ఇలా తలపోసింది' అని రెండు పేజీలు రాసుకుపోతాడు. సినిమాకు ఆ సౌకర్యం లేదు. రెండుంపావు గంటల్లో కళ్ళకు కనబడేదీ, చెవులకు వినబడేదీ తప్ప ఇంకేమీ లేదు. కాబట్టి మనసులోని మాటను ఏదో ఒక వస్తువులోనో, పనిలోనో పెట్టాలి. ఈ సినిమాలో అది ఎలా చేశారో చూడండి.

కాలేజీ రోజుల్లో సెహ్మత్ ఒక ఉడుతను బండి కింద పడకుండా కాపాడుతుంది. ఆ హడావిడిలో కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే నెత్తురు చూడలేక మొహం తిప్పుకుంటుంది. చిన్న సన్నివేశమే. కాని ఆ తర్వాత ఇదే పిల్ల తన గుట్టు కనిపెట్టిన ముసలి నౌకరు అబ్దుల్‌ను బండితో తొక్కించవలసి వస్తుంది. బావగారిని విషపు ముల్లున్న గొడుగుతో పొడవవలసి వస్తుంది. ఉడుతను కాపాడిన చేతులు ఏమైపోయాయో మనకు ఎవరూ చెప్పరు, చెప్పనక్కరలేదు కూడా.

ఇంకొకటి పాట. సైనికుల పిల్లలు చదివే బడిలో పండుగకు ఆమె దేశభక్తి పాట నేర్పుతుంది. పిల్లలు తమ దేశాన్ని తలుచుకుని పాడుతుంటారు. వెనకనుంచి గొంతు కలిపిన టీచరమ్మ తన దేశాన్ని తలుచుకుని పాడుతుంటుంది. మాటలు అవే, కన్నీళ్ళు అవే, దేశాలు మాత్రం రెండు. ఇటువంటిది అచ్చులో రాస్తే ఇంత పట్టదు. వినాలి, ఆ పిల్లల మొహాలు చూడాలి. ఇది సినిమాకే దక్కిన గెలుపు.

మూడోది అందెల సంగతి. మన ఇళ్ళల్లో కోడలు ఎటు నడిచిందో పట్టగొలుసుల చప్పుడుతోనే తెలిసిపోతుంది గదా. పిల్లి అడుగులు వేయవలసిన మనిషి కాలికి గలగలలాడే సొమ్ము! పెళ్ళికూతురి ముచ్చటగా వేసుకున్న ఆ పట్టగొలుసుకు, చివరకు ఆమె గుట్టు భర్తకు తెలిసే ఘట్టంలో కూడా పాత్ర ఉంది.

నవల గెలిచిన చోటు కూడా చెప్పాలి. అది కథ చివర.

సినిమాలో చివరికి వచ్చేసరికి గుట్టు బయటపడుతుంది. ఆమెను తప్పించడానికి మనవాళ్ళు వేసిన ఎత్తులో బాంబు పేలి, వెతుక్కుంటూ వచ్చిన ఇక్బాల్ చనిపోతాడు. ఆమె కళ్ళముందే. పనికి పెట్టినవాళ్ళ వైపు తిరిగి ఆమె విలవిల్లాడిపోతుంది. మనిషికీ, బంధానికీ విలువలేని ఈ లోకం నాకు వద్దు, నన్ను ఇంటికి పంపండి అంటుంది. ఇల్లు చేరాక తాను కడుపుతో ఉన్నట్టు తెలుస్తుంది. ఇంకో ప్రాణం తీయలేనని ఆ బిడ్డను కనడానికే నిశ్చయించుకుంటుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు గడిచినట్టు, బోసిపోయిన ఇంట్లో ఒంటరిగా కూర్చున్న ఒక స్త్రీని చూపించి తెర దించుతారు. అంతే. మధ్యలో ఆ ఏళ్ళన్నీ ఎలా గడిచాయి?

నవల సరిగ్గా అక్కడినుంచి ఇంకా నడుస్తుంది. తిరిగొచ్చిన సెహ్మత్ కోలుకోలేదు. మనసు చెదిరింది. కన్నబిడ్డను కూడా పట్టించుకోలేని చీకటిలో పడిపోయింది. ఆ పిల్లవాణ్ణి, సమర్‌ను, పెంచింది ఎవరనుకున్నారు? ఆమె వదిలివెళ్ళిన ఏబీ. సినిమా కొట్టేసిన ఆ పాత్ర నవలలో ఎందుకున్నాడో ఇప్పుడు తెలిసింది గదా! సెహ్మత్ మాత్రం పంజాబులో మలేర్ కోట్లా అనే ఊళ్ళో స్థిరపడింది. ఎందుకా ఊరు? తాను చంపిన నౌకరు అబ్దుల్ పుట్టిన ఊరది. ఒక మనిషిని చంపి, ఆ మనిషి పుట్టిన గడ్డ మీద మిగిలిన బతుకంతా గడపడం! ఏ కోర్టూ వేయని శిక్షను తానే వేసుకుంది. పుస్తకమంతటిలో నన్ను ఎక్కువగా పట్టి కుదిపింది ఈ ఒక్క సంగతి. సినిమాలో ఇది లేదు.

ఇంకొక తేడా, ముగింపు రుచిలో. నవలలో దేశం మీది గర్వం ముందుంటుంది, బాధ దాని నీడలో ఉంటుంది. సినిమాలో బాధ ముందుంటుంది, గర్వం మౌనంగా ఉంటుంది. నవలాకారుడు తర్వాత సినిమా ముగింపు తనకు నచ్చలేదని బాహాటంగానే చెప్పారు. చూసిన జనం మాత్రం సినిమాను నెత్తిన పెట్టుకున్నారు. ఫిల్మ్‌ఫేర్‌లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ నటి బహుమతులు దానికే వచ్చాయి. ఎవరిది ఒప్పు అంటే నేను తీర్పరిని కాను. తల్లి ఒక విధంగా సాకుతుంది, పిన్నతల్లి ఇంకో విధంగా సాకుతుంది. బిడ్డ ఒకటే.

'అయితే అమ్మా, ఇదంతా నిజంగా జరిగిందా?' అని అడుగుతారు మీరు. రచయిత అవుననే అంటారు. కార్గిల్ యుద్ధం నాడు ఒక సైనికాధికారి తన తల్లి గురించి చెప్పగా ఈ కథ తన చెవిన పడిందని, ఆమె క్షేమం కోసం అసలు పేరు దాచానని చెప్పారు. గూఢచారి కథలకు ఉన్న చిక్కే అది. సాక్ష్యం అడిగితే సాక్ష్యం ఉండదు, ఉంటే వాళ్ళు గూఢచారులే కారు. కాబట్టి సెహ్మత్‌ను మనం కథలో మనిషిగానే చూద్దాం. కాని ఆమె చుట్టూ అల్లిన చరిత్ర మాత్రం నిఖార్సయిన నిజం, అది జరిగింది మన విశాఖపట్నంలో.

మొదట చెబుతానన్న కొస ఇదే. నవలలోనూ సినిమాలోనూ సెహ్మత్ పంపే పెద్ద కబురు, మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి శత్రువు వేసిన పథకం గురించి. ఆ పని మీద పాకిస్తాను పంపిన జలాంతర్గామి పేరు ఘాజీ. 1971 నవంబరు 14న అది కరాచీ నుంచి బయలుదేరింది. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ రేవు దగ్గర మునిగిపోయింది. లోపలున్న తొంభైమందికి పైగా నావికులు జలసమాధి అయ్యారు. మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన బాంబుల వల్లనే మునిగిందని మనవాళ్ళంటారు. లోపలే ఏదో పేలి మునిగిందని అవతలివాళ్ళంటారు. ఆ వాదు ఇంకా తెగలేదు. మునిగిన సంగతికి తొలి ఆనవాళ్ళు తెచ్చినవాళ్ళలో మన జాలరులున్నారు. నీళ్ళమీద తేలిన లైఫ్ జాకెట్ వాళ్ళకు దొరికింది.

అప్పుడు తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన ఆడిన నాటకం వింటే మన ఇల్లాళ్ళకు నవ్వూ వస్తుంది, మెప్పూ వస్తుంది. అసలు విక్రాంత్‌ను దూరంగా అండమాను వైపు దాచేశారు. అది ఇక్కడే ఉందని శత్రువు నమ్మాలి. ఏం చేశారు? విశాఖ బజారులో గుత్తేదార్లకు కూరగాయలు, మాంసం, సరుకులు పెద్ద ఎత్తున కావాలని పురమాయించారు. అన్ని సరుకులంటే అంత పెద్ద ఓడ ఇక్కడే ఉందని వేగులవాళ్ళు రాసుకోవాలి మరి! పాత ఓడ రాజ్‌పుత్ చేత విక్రాంత్ అన్నట్టుగా వైర్‌లెస్ కబుర్లు కుప్పలుగా పంపించారు. అన్నిటికంటే తమాషా, విక్రాంత్ మీది నావికుడు ఒకడు తన తల్లికి జబ్బుగా ఉందట, ఎలా ఉందో తెలపండని పంపినట్టు ఒక సొంత తంతిని దాచకుండా వదిలారు. ఎవరు విన్నా అది నిజమనే అనుకుంటారు. అమ్మ జబ్బు గురించి అబద్ధమాడతారని ఎవరనుకుంటారు?

అటు ఘాజీ రాకను పట్టిచ్చింది కూడా అటువంటి సరుకుల పద్దే. ఒక రకం కందెన నూనె గురించి చిట్టగాంగుకు పంపిన కబురు మనవాళ్ళ చెవిన పడింది. ఆ నూనె వాడేవి జలాంతర్గాములు, మందుపాతరలు ఏరే ఓడలు మాత్రమే. ఇంకేముంది, అతిథి ఎవరో తెలిసిపోయింది. పక్కింటి పిన్నిగారు పొద్దున్నే సేరు సెనగపప్పు, బెల్లం తెప్పించిందంటే సాయంత్రం ఇంటికి ఎవరో వస్తున్నారని మనం పసికట్టమూ? అదే తెలివి!

చూశారా, నవలా సినిమా రెండూ ఒక్క స్త్రీ గుండెలో పెట్టి చెప్పిన సంగతి, చరిత్రలో నూనె డబ్బా మీదుగా, కూరగాయల గంపల మీదుగా, ఎందరో పేరులేని చెవుల మీదుగా నడిచింది. కథకు ఒక మనిషి కావాలి, చరిత్రకు పదిమంది కావాలి. అందుకే కథ చరిత్రను కుదిస్తుంది. అది తప్పు కాదు, కాని చదివేవాళ్ళం, చూసేవాళ్ళం ఆ సంగతి ఎరిగి ఉండాలి. ఇదే ఘట్టం మీద 2017లో మన తెలుగులో 'ఘాజీ' సినిమా వచ్చింది. దర్శకుడు సంకల్ప్ రెడ్డి ముందు ఆ కథను ఇంగ్లీషులో పుస్తకంగా రాసుకుని, తర్వాత సినిమా తీశారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. అది నీటి అడుగున మగవాళ్ళ కథ. 'రాజీ' ఇంటి గోడల మధ్య ఆడదాని కథ. వీలుంటే రెండూ వరుసగా చూడండి. యుద్ధం అనేది ఒకటే ఎన్ని చోట్ల జరుగుతుందో తెలుస్తుంది. విశాఖ వెళితే సముద్రపు ఒడ్డున 1971 విజయానికి గుర్తుగా కట్టిన స్తూపాన్నీ, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలనూ పిల్లలకు చూపించడం మరువకండి. అంత ఇరుకులో మనుషులు రోజుల తరబడి ఎలా బతికారో కళ్ళారా చూస్తే, అవతలి ఓడలో పోయిన ఆ తొంభైమంది తల్లులు కూడా గుర్తుకొస్తారు.

ఇక, నవలనూ సినిమానూ పోల్చేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఎవర్ని తీసేశారు? మనసులోని మాటను ఏ వస్తువులో పెట్టారు? కథను ఎక్కడ ఆపారు? ఆపిన తర్వాత మిగిలిన బతుకు ఎవరు మోశారు? ఈ నాలుగూ వేసుకుంటే ఏ పుస్తకమైనా, ఏ సినిమా అయినా తన గుట్టు తానే విప్పుతుంది. ఇంగ్లీషు నవల మనవల్ల కాదని జంకనక్కరలేదు. సులువైన ఇంగ్లీషే. పక్కన కాలేజీ చదివే అమ్మాయిని కూర్చోబెట్టుకుంటే ఇద్దరికీ చదువు వస్తుంది, నడుమ నాలుగు మాటలూ దొర్లుతాయి.

ఆ నాలుగో ప్రశ్నే నాకు అన్నిటికంటే పెద్దదనిపిస్తుంది. దేశంలో ఎన్నెన్ని ఆనకట్టలకు మన పాలమూరు కూలీలు రాళ్ళు మోశారు! ప్రారంభోత్సవం నాటి శిలాఫలకం మీద వాళ్ళ పేర్లు చెక్కినవాళ్ళెవరు? వలసపోయిన మగవాళ్ళ కోసం ఇంటి దగ్గర ముసలివాళ్ళనూ పిల్లలనూ కనిపెట్టుకుని ఉన్న ఆడవాళ్ళ పేర్లయితే ఆ ఫలకం దరిదాపులకు కూడా రావు. గూఢచారి పనీ అంతే. గెలుపు కాగితాల్లోకి ఎక్కుతుంది, గెలిపించిన మనిషి ఎక్కదు. పేరు లేకపోవడం ఒక బాధ. చేసినది ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఇంకా పెద్ద బాధ. సెహ్మత్ తల్లి ఒడిలో పడి ఏడవవచ్చు, కాని ఎందుకేడుస్తున్నదో ఊరికి చెప్పలేదు.

కాబట్టి ఇంట్లో పిల్లలు ఈ సినిమా చూసి చప్పట్లు కొడితే కొట్టనివ్వండి. ఆ పిల్ల సాహసానికి చప్పట్లు దక్కవలసిందే. తెర దిగిన తర్వాత మాత్రం ఒక్క మాట అడగండి: 'ఆ అమ్మాయిని ఎవరైనా నిజంగా అడిగారా?' అని. కూతురు సరేనన్నంత మాత్రాన అడిగినట్టు కాదు. ఆమె కాదనగలిగే వీలుండి సరేనంటేనే అది సమ్మతి. లేకుంటే మన తెలుగు అర్థంలోనే, అది రాజీ. దేశం కోసమైనా, కులం కోసమైనా, ఇంటి పరువు కోసమైనా ఆడపిల్ల ముందుకు ఒక పెద్ద మాట తెచ్చి పెట్టేముందు ఈ తేడా పెద్దవాళ్ళం గుర్తుంచుకుంటే మంచిది.

వచ్చేవారం మరో విషయంతో కలుసుకుందాం. అందాకా సెలవు.